తరంగాల చాటున యుద్ధం – 9: గోడ దాటిన పెన్‌డ్రైవ్

గత భాగంలో 1971 డిసెంబరు మొదటి వారం దగ్గర ఆగాం. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడేందుకు పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల చాటుకు చేరుకుంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పాత నౌక రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంతే అక్కడుందని శత్రువు నమ్మేలా జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని ఓ నావికుడు ఆరా తీస్తున్నట్టు ఒక తంతిని కూడా రహస్య లిపి లేకుండా వదిలారు. డిసెంబరు 3–4 అర్ధరాత్రి ఘాజీ విశాఖ రేవు ముందు మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాల కథనాలూ వేరువేరు.

ఆ రోజుల్లో శత్రువు దూరంగా కూర్చుని వినేవాడు. అతను ఏం వినాలో కృష్ణన్ నిర్ణయించారు. నలభై ఏళ్లు గడిచాక అదే విశాఖలో, అదే తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయంలో కథ తిరగబడింది. ఈసారి శత్రువు వినే పని పెట్టుకోలేదు. కాగితాలు తమంతట తామే నడిచి అతని దగ్గరికి వెళ్లే ఏర్పాటు చేశాడు. వాటిని గేటు దాటించింది జేబులో పట్టే చిన్న పెన్‌డ్రైవ్.

కేబుల్ లేని గది

1990ల చివర్లో ఇంటర్నెట్ మన ఆఫీసుల్లోకి వచ్చినప్పుడు సైన్యాలు దాన్ని అనుమానంగానే చూశాయి. రహస్య పత్రాలున్న కంప్యూటరును బయటి ప్రపంచానికి కలపకూడదని ఒక నియమం పెట్టుకున్నాయి. ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ కేబుల్ ఉండదు, మోడెం ఉండదు. దానికీ బయటి తీగలకూ మధ్య గాలి తప్ప మరేమీ లేదు కాబట్టి ఈ పద్ధతికి ఎయిర్ గ్యాప్ అని పేరొచ్చింది. హ్యాకర్ ఎంత మొనగాడైనా లేని తీగ మీదుగా రాలేడు కదా అన్నది దాని వెనక ధీమా.

ఈ ధీమాలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. గదికి కేబుల్ లేకపోయినా ఆ గదిలో పనిచేసే మనుషులకు బయటి ప్రపంచంతో పని ఉంటుంది. బయటి నుంచి వచ్చిన డ్రాయింగును లోపలి కంప్యూటర్లో చూడాలి. లోపల తయారైన నివేదికను పక్క భవనంలో ఉన్న అధికారికి చూపించాలి. ప్రెజెంటేషన్ రేపు పొద్దునకల్లా సిద్ధం కావాలి, రాత్రి ఇంటికెళ్లి ఇంకో రెండు పేజీలు చేర్చాలి. ఫ్లాపీల కాలంలో ఇదంతా నెమ్మదిగా సాగేది. ఫ్లాపీలో పట్టేదీ తక్కువే. 2005 తర్వాత పెన్‌డ్రైవ్ చౌకైంది. ఒక అల్మరాలోని ఫైళ్లన్నీ చిటికెన వేలంత ముక్కలో పట్టసాగాయి.

ఆ రోజుల్ని గోదావరిఖని, రామగుండం కుర్రాళ్లకు కొత్తగా గుర్తు చేయనక్కర్లేదు. ఎంసెట్ ఫలితాల కోసం నెట్ సెంటర్ల ముందు బారులు తీరేవాళ్లు. సెల్ షాపుల్లో కొత్త సినిమా పాటలను మెమరీ కార్డులోకి ఎక్కించుకునేవాళ్లు. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరి పెన్‌డ్రైవ్‌లోకి తిరిగేది. నెట్ సెంటర్లో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్‌ను ఇంట్లో పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం అప్పటి ప్రతి ఇంటి అనుభవం. పెన్‌డ్రైవ్ తగలగానే అందులోని ప్రోగ్రామును విండోస్ తనంతట తానే నడిపించే ఆటోరన్ అనే సౌకర్యమే వీటిలో చాలా వైరస్‌లకు దారి. పాత విండోస్ వెర్షన్లలో ఆ దారిని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో గానీ విస్తృతంగా విడుదల చేయలేదు.

బొగ్గు పట్టణపు నెట్ సెంటర్లో ఉన్న విండోసే సైనిక కార్యాలయాల్లోనూ ఉంది. పెన్‌డ్రైవ్‌లూ అవే.

అగ్రరాజ్యానికి తగిలిన దెబ్బ

మొదట దెబ్బ తిన్నది అమెరికా. 2008లో పశ్చిమాసియాలోని ఒక సైనిక స్థావరంలో ఎవరో ఒక పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించారు. అందులో ఏజెంట్.బీటీజెడ్ అనే పురుగు ఉంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలను నడిపిస్తున్న సెంట్రల్ కమాండ్ నెట్‌వర్కులోకి అది పాకింది. మామూలు నెట్‌వర్కుతో ఆగకుండా రహస్య నెట్‌వర్కులోకీ వెళ్లింది. ఆ ఏడాది నవంబరులో పెంటగాన్ తన కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్‌లు తగిలించడాన్ని నిషేధించింది. పురుగును పూర్తిగా ఏరివేయడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ పనికి బక్‌షాట్ యాంకీ అని పేరు పెట్టారు. అమెరికా సైనిక కంప్యూటర్లకు అంతవరకూ తగిలిన దెబ్బల్లో ఇదే పెద్దదని 2010లో రక్షణశాఖ డిప్యూటీ కార్యదర్శి విలియం లిన్ బయటపెట్టారు. సైబర్ కమాండ్ అనే ప్రత్యేక విభాగం పుట్టడానికి ఈ అనుభవం పెద్ద కారణం.

2009 జనవరిలో కాన్‌ఫికర్ అనే వైరస్ ఫ్రాన్స్ నౌకాదళపు అంతర్గత నెట్‌వర్కులోకి ప్రవేశించింది. బ్రిటన్ యుద్ధనౌకల్లోని కంప్యూటర్లకూ అదే బెడద తప్పలేదు. ఇక 2010 జూన్‌లో బెలారస్‌లోని ఒక చిన్న యాంటీవైరస్ సంస్థ స్టక్స్‌నెట్‌ను కనిపెట్టింది. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రానికి ఇంటర్నెట్ లేదు. అయినా స్టక్స్‌నెట్ లోపలికి చేరి యురేనియం శుద్ధి యంత్రాలను పాడుచేసింది. దాని వ్యాప్తికి పెన్‌డ్రైవ్‌లు ప్రధాన దారి. లక్ష్యం ఇరానే అయినా ఆ పురుగు సోకిన కంప్యూటర్లు ఎక్కువగా కనిపించిన దేశాల్లో భారత్‌ది మూడో స్థానం.

కేబుల్ లేదన్న ధీమా ఇక చాలదని ప్రపంచానికి అర్థమైంది. ఈలోగా మన ఇంటి తలుపు దగ్గరా అలికిడి మొదలైంది.

తిరుమలగిరి పేరు టొరంటోలో

2010 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు మరికొందరితో కలిసి 'షాడోస్ ఇన్ ది క్లౌడ్' అనే నివేదిక విడుదల చేశారు. ధర్మశాలలోని దలైలామా కార్యాలయపు కంప్యూటర్ల మీద నిఘా ఎవరు పెట్టారని వెతుకుతూ బయల్దేరిన వాళ్లకు, దొంగలు ఎత్తుకెళ్లి దాచిన పత్రాల కుప్ప ఒకటి దొరికింది. అందులో భారతదేశానికి చెందినవే ఎక్కువ. కొన్నింటి మీద సీక్రెట్ అని, మరికొన్నింటి మీద రెస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్ అని ముద్రలున్నాయి. భారత సైన్యపు ఫిరంగి దళాలను నడిపే శక్తి అనే కంప్యూటర్ వ్యవస్థ గురించిన కాగితాలు ఉన్నాయి. వైమానిక స్థావరాలు, రాయబార కార్యాలయాల పేర్లు ఉన్నాయి.

వాటి మధ్యలో ఒక తెలుగు నేల చిరునామా కూడా ఉంది. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్. సైన్యంలో రేడియోలు, రాడార్లు, వాహనాలు, తుపాకులు చెడిపోతే బాగుచేసే ఇంజినీర్లూ సాంకేతిక నిపుణులూ శిక్షణ పొందేది ఇక్కడే. ఆ కాలేజీ కంప్యూటర్లు కూడా దొంగల చేతికి చిక్కాయని నివేదిక అంచనా వేసింది.

దొంగలు వాడిన పద్ధతి చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. పని గురించి పంపినట్టు కనిపించే ఈమెయిల్, దానికి ఒక పీడీఎఫ్ ఫైలో ప్రెజెంటేషనో జత. తెరిస్తే పత్రం మామూలుగానే కనిపిస్తుంది, వెనక మాత్రం పురుగు నాటుకుంటుంది. తర్వాత ఆ కంప్యూటర్ ట్విట్టర్, గూగుల్ గ్రూప్స్, ఉచిత బ్లాగుల్లాంటి చోట్లకు వెళ్లి, తాను ఏ సర్వర్‌తో మాట్లాడాలో అక్కడి రాతల్లో చదువుకుంటుంది. నిఘా పెట్టిన అధికారికి కనిపించేది ఉద్యోగి ఎవరో ట్విట్టర్ చూస్తున్నాడనే. పరిశోధకులు ఆనవాళ్లు పట్టుకుని వెళ్తే చైనాలోని చెంగ్డూ నగరం తేలింది. తమకేమీ సంబంధం లేదని చైనా ప్రభుత్వం ఖండించింది.

ఆ నివేదికలో పెద్దగా చర్చకు రాని ఒక మాట ఉంది. ఈ పత్రాలు ప్రభుత్వ కంప్యూటర్ల నుంచే పోయాయని తాము నేరుగా నిరూపించలేమని, ఉద్యోగులు సొంత కంప్యూటర్లలోకి కాపీ చేసుకున్నప్పుడు కూడా పోయి ఉండొచ్చని పరిశోధకులు రాశారు. గోడ ఎంత ఎత్తు కట్టినా, పత్రం గోడ బయట ఇంకొక ప్రతిగా బతుకుతుంటే ఆ గోడ కాపాడేదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు రెండేళ్లలో విశాఖ నుంచి వచ్చింది.

విశాఖ, 2012

అప్పటి విశాఖ రక్షణ రంగంలో ఎంత కీలకమో చూడాలి. దేశంలోనే తయారైన తొలి అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జూలై 26న ఇక్కడే నీటిలోకి దించారు. దాని మీద పరీక్షలు సాగుతున్నాయి. చైనా నౌకాదళం హిందూ మహాసముద్రం వైపు అడుగులు వేస్తోంది, భారత నౌకాదళం దక్షిణ చైనా సముద్రం దాకా వెళ్లి వస్తోంది. ఆ తూర్పు వ్యవహారాలన్నీ చూసేది తూర్పు నౌకాదళమే. వాళ్లేం చేస్తున్నారో తెలుసుకోవాలన్న ఆరాటం ప్రత్యర్థికి ఉండటంలో వింత లేదు.

2012 జూలై తొలి రోజుల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయంలోని కంప్యూటర్లలో పురుగు దొరికిందని, అది చైనాలోని ఐపీ చిరునామాలకు సమాచారం చేరవేసిందని దాని సారాంశం. విచారణ జరుగుతోందని నౌకాదళం చెప్పింది. బాధ్యత మధ్యస్థాయి అధికారుల మీదికి వెళ్తోందని పత్రికలు రాశాయి. ఏ పత్రాలు పోయాయన్నది బయటికి రాలేదు.

పురుగు పనితీరు మాత్రం ఆ కథనాల్లో స్పష్టంగా ఉంది. రహస్య సమాచారమున్న కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. నియమం ప్రకారం వాటికి పెన్‌డ్రైవ్ తగిలించే వీలు కూడా ఉండకూడదు. ఎలాగో ఒక పెన్‌డ్రైవ్ తగిలింది. అందులోని పురుగు లోపల ఎవరికీ కనబడని ఒక ఫోల్డర్ సృష్టించుకుంది. కంప్యూటర్లోని ఫైళ్లను వెతికి, తనకు ముందే నేర్పిన కొన్ని మాటలున్న వాటిని ఏరి ఆ ఫోల్డర్‌లో దాచింది. అదే పెన్‌డ్రైవ్ ఎప్పుడో ఒకప్పుడు ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరుకు తగులుతుంది. అప్పుడు దాచిన ఫైళ్లను బయటికి పంపేసింది.

ఇందులో తొందర లేదు. రోజులు పట్టినా వారాలు పట్టినా పురుగు వేచి ఉంటుంది. దాని పని పూర్తికావడానికి కావలసింది ఒక్కటే: రెండు గదుల మధ్య తిరిగే మనిషి.

గేటు దగ్గర తనిఖీ

ఈ మనిషి దేశద్రోహి కానక్కర్లేదు. చాలాసార్లు అతను పని త్వరగా తెమలాలని తపించే ఉద్యోగి. పై అధికారి సాయంత్రంలోగా ఫైలు కావాలంటాడు. నియమం ప్రకారం పంపాలంటే మూడు సంతకాలు, రెండు రోజులు. పెన్‌డ్రైవ్‌లో అయితే రెండు నిమిషాలు. రహస్యాన్ని కాపాడే పద్ధతికీ రోజువారీ పనికీ మధ్య పోటీ పడినప్పుడల్లా పనే గెలిచింది. వాషింగ్టన్ నుంచి విశాఖ దాకా ఈ కథలన్నిటికీ మూలకారణం ఇదే. శత్రువు చాకచక్యం ఆ తర్వాతి సంగతి.

సింగరేణిలో ఈ విషయం ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. భూగర్భ బొగ్గుబాయిలోకి దిగే కార్మికుడు బీడీ గానీ సిగరెట్ గానీ అగ్గిపెట్టె గానీ వెంట తీసుకెళ్లకూడదన్నది గనుల నిబంధన. అందుకే దిగేముందు జేబులు తడిమి చూస్తారు. ముప్పై ఏళ్లు సర్వీసున్న వాడినైనా తడుముతారు, దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు. అనుమానం మనిషి మీద కాదు, బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్ వాయువు మీద. ఒక్క అగ్గిపుల్ల చాలు, తప్పు ఒకరిదైనా షిఫ్టు మొత్తం ప్రమాదంలో పడుతుంది. సైనిక కంప్యూటర్ గదికి ఆలస్యంగా అలవడింది ఈ తనిఖీయే.

2008 తర్వాత ప్రపంచంలోని సైన్యాలు నేర్చుకున్న జాగ్రత్తలన్నీ ఈ దారిలోనే నడిచాయి. కంప్యూటర్ల యూఎస్‌బీ రంధ్రాలను సాఫ్ట్‌వేర్‌తో మూసేశారు, కొన్నిచోట్ల సీలు వేశారు. బయట కొన్న పెన్‌డ్రైవ్ పనిచేయకుండా, నంబరు వేసి రిజిస్టరులో రాసి ఇచ్చిన సంకేతలిపి డ్రైవ్ మాత్రమే పనిచేసేలా ఏర్పాటు చేశారు. బయటి ఫైలు లోపలికి రావాలంటే ముందు మధ్యలో ఉన్న వేరే యంత్రంలో పరీక్షించాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు కాపీ చేశారో కంప్యూటరే చిట్టా రాస్తుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఉద్యోగి ఫైలును దొంగచాటుగా మోసుకెళ్లే అవసరమే రాకుండా, అంతే త్వరగా పంపగల సురక్షితమైన దారి అతని బల్ల మీదే ఉండాలి.

ఆ దారి వేసే పనులు మన దేశంలో అప్పటికే మొదలయ్యాయి. 2010 సెప్టెంబరు 14న రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ వైమానిక దళపు సొంత ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అఫ్‌నెట్‌ను ప్రారంభించారు. అంతవరకూ ఆ దళం 1950ల నాటి ట్రోపోస్కాటర్ రేడియో పద్ధతి మీద ఆధారపడి ఉండేది. 2013 ఆగస్టు 30న జీశాట్-7 ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. రుక్మిణి అని పిలిచే ఈ ఉపగ్రహంతో నౌకాదళానికి సముద్రం మీద మాట్లాడుకోవడానికి సొంత దారి ఏర్పడింది. 2019లో త్రివిధ దళాలకూ కలిపి డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ ఏర్పాటైంది, దానికి తొలి అధిపతిగా వచ్చింది నౌకాదళానికి చెందిన రియర్ అడ్మిరల్ మోహిత్ గుప్తా. 2023లో రక్షణశాఖ తన కంప్యూటర్లలో విండోస్ స్థానంలో దేశీయంగా మలచిన మాయా అనే ఆపరేటింగ్ సిస్టమ్ తేవడం మొదలుపెట్టింది.

జేబులోని ఫోన్

నెట్‌వర్క్ గోడలు ఇలా బలపడుతుండగా ప్రత్యర్థి గోడను వదిలేసి మనిషి దగ్గరికే వచ్చాడు. దీనికీ వేదిక విశాఖే కావడం ఈ కథలో బాధ కలిగించే మలుపు.

2019 డిసెంబరు 20న ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి ఏడుగురు నావికులనూ ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసినట్టు ప్రకటించాయి. విశాఖ రేవును కాచే కొండ పేరు మీద ఈ దాడికి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. నావికులు విశాఖతో పాటు ముంబయి, కార్వార్ స్థావరాలకు చెందినవారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయాలు మొదలయ్యాయని, తర్వాత నౌకలు, జలాంతర్గాముల కదలికల వివరాలు పాకిస్థాన్ గూఢచారుల చేతికి వెళ్లాయని, ప్రతిఫలం హవాలా దారిలో అందిందని దర్యాప్తు సంస్థల అభియోగం. కేసును జాతీయ దర్యాప్తు సంస్థ చేపట్టి 2020 జూన్‌లో అభియోగపత్రం దాఖలు చేసింది.

ఇందులో ఏ కంప్యూటరూ హ్యాక్ కాలేదు, ఏ నెట్‌వర్కూ విరగలేదు. వారాల తరబడి సముద్రం మీద గడిపి రేవుకు రాగానే చేతిలోకి తీసుకునే ఫోన్, ఇరవై రెండేళ్ల కుర్రాడి ఒంటరితనం, ఎవరో అడిగిన చనువైన మాట. అవి చాలు. అదే నెలలో నౌకాదళం ఫేస్‌బుక్ వాడకాన్ని నిషేధించింది. యుద్ధనౌకల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు వాడకూడదంది. 2020 జూలైలో సైన్యం తన సిబ్బంది ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసేయాలని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరులో సాయి అనే సొంత సందేశాల యాప్ తెచ్చింది. నిషేధంతో పాటు ప్రత్యామ్నాయం కూడా ఇవ్వాలన్న పాఠం ఇక్కడ పనికొచ్చింది.

అయినా వల ఆగలేదు. 2022 జూన్‌లో రాచకొండ పోలీసులు హైదరాబాద్‌లోని క్షిపణి పరిశోధన ప్రయోగశాలలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒక యువ ఇంజినీరును ఇలాంటి ఆరోపణల మీదే అరెస్టు చేశారు. అక్కడా మొదలు ఫేస్‌బుక్ స్నేహమే. యూనిఫాం వేసుకోని, పర్మినెంటు కాని ఉద్యోగి కూడా ఇప్పుడు సరిహద్దు మీదే నిలబడి ఉన్నాడని ఆ కేసు చూపించింది. మన కోల్‌బెల్ట్ పల్లెల నుంచి సైన్యంలో, రక్షణ సంస్థల్లో చేరిన పిల్లలున్న ఇళ్లకు ఈ విషయం నేరుగా వర్తిస్తుంది. కొడుకు ఏ నౌక మీద ఉన్నాడు, ఏ ఊరికి బదిలీ అయ్యాడు, ఎప్పుడు బయల్దేరుతున్నాడు అన్నవి అమ్మానాన్నలకు ముద్దుగా చెప్పుకునే కబుర్లే. వాట్సాప్ గ్రూపులోకి, ఫేస్‌బుక్ గోడ మీదికి ఎక్కితే అవే వేరేవాళ్లకు పనికొచ్చే సమాచారం అవుతాయి. ఒకవేళ కొడుకు పొరపాటు చేస్తే, వెంటనే పై అధికారికి చెప్పుకునే ధైర్యం ఇంటి నుంచే రావాలి. ఇలాంటి కేసుల్లో నష్టం పెరిగేది మొదటి తప్పు వల్ల కన్నా దాన్ని దాచడానికి చేసే రెండో తప్పు వల్లే.

వచ్చే భాగంలో

2020 జూన్‌లో గల్వాన్ లోయలో భారత్, చైనా సైనికులు తలపడ్డారు. ఆ తర్వాత కొన్ని నెలలకు, 2021 మార్చి మొదటి రోజుల్లో, తెలంగాణ విద్యుత్ సంస్థలకు కేంద్రపు సైబర్ అత్యవసర విభాగం సెర్ట్-ఇన్ నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. రాష్ట్ర ట్రాన్స్‌కో నెట్‌వర్కు మీద చైనా హ్యాకర్ల కన్ను పడిందన్నది దాని సారాంశం. హిమాలయాల్లో మొదలైన ఘర్షణకు, సింగరేణి బొగ్గుతో 2,600 మెగావాట్ల కరెంటు తీసే రామగుండం ఎన్టీపీసీ ఉన్న ఈ గ్రిడ్‌కూ సంబంధం ఏమిటి? సైన్యపు రేడియోలూ సర్వర్లూ నడిచేది కూడా కరెంటు మీదే అయినప్పుడు ప్రత్యర్థి కంటోన్మెంటును వదిలి సబ్‌స్టేషన్ వైపు ఎందుకు చూస్తాడు? ఆ హెచ్చరిక అందిన వారంలో విద్యుత్ సౌధలో ఏం జరిగింది, ఇంజినీర్లు ముందుగా ఏ తలుపులు మూశారు అన్నది పదో భాగంలో చూద్దాం.